సమాచారాన్ని దాచే అయస్కాంతపు ముడులు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. శాస్త్రజ్ఞుణ్ణి కాను. నెల క్రితం కార్యదర్శి గారు మా ఇంటికి వచ్చి, "మాస్టర్ సాబ్, ప్రతి సంవత్సరం చదువు గొప్పది, ఐకమత్యం గొప్పది అని వింటూనే వున్నాం. ఈసారి ఏదైనా కొత్త సంగతి చెప్పండి. అయితే మా అమ్మకు కూడా అర్థం కావాలె" అన్నారు. ఆ తల్లిగారు మొదటి వరుసలోనే వున్నారు. ఖాలాజాన్, అర్థం కాకపోతే చెయ్యి ఎత్తండి. ఆపి మళ్ళీ చెప్తాను.

ఈనాటి విషయం ఇది: వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని పలుచని లోహపు పొరలో అతి చిన్న అయస్కాంతపు ముడులు వేసి, వాటిని కదిలించి, వాటితో సమాచారాన్ని దాచుకొనే విద్య. వినడానికి మనకు సంబంధం లేనట్లే వుంటుంది. సంబంధం వుందని నాకు తెలిసింది మా ఇంట్లోని ఒక పాత కేసెట్ వల్ల. కనుక ముందుగా ఆ కేసెట్ విషయంలో నేను చేసిన తప్పు ఒప్పుకుంటాను.

1988లో మా అబ్బా తాపీ పనికి జెద్దాకు పోయినారు. అమ్మీకి చదువు రాదు. ఉత్తరం వస్తే పక్కింటి వాళ్ళ చేత చదివించుకోవాలి. ఇంటి మాటలు పరాయి నోట వినడం ఆమెకు కష్టంగా వుండేది. అందుకని అబ్బా కేసెట్‌లో మాట్లాడి, సెలవు మీద వచ్చే వాళ్ళ చేతికి ఇచ్చి పంపేవారు. ఆ రోజుల్లో గల్ఫుకు పోయిన చాలామంది ఇట్లానే చేసేవారు. మీలో నలభై దాటిన వాళ్ళందరికీ గుర్తుంటుంది.

మాకు మిగిలిన కేసెట్ ఒక్కటే. దాన్ని ఎవరూ చెరపకుండా అబ్బా వెనుక అంచున వుండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరగ్గొట్టి పంపారు. అవి విరిగితే రికార్డు బటన్ లోపలికి దిగదు. నాకు పన్నెండేళ్ళు. ఆ గుంటలో కాగితం ఉండ కూరితే బటన్ దిగుతుందని స్నేహితుడు చెప్పాడు. కూరాను. రేడియోలో వచ్చే సినిమా పాటలు పట్టాను. సాయంత్రం అమ్మీ కేసెట్ పెట్టుకున్నది. అబ్బా సలాము వినపడవలసిన చోట పాట వచ్చింది. ఆమె నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కేసెట్‌ను చివరిదాకా తిప్పి చూసింది. రెండో వైపు ఆఖరున నాలుగు నిమిషాలు మిగిలింది. "వానలు రాకముందు పెంకులు సర్దించు. చిన్నోడి పాదం దారంతో కొలిచి, ముడి వేసి పంపు, చెప్పులు తెస్తాను" - ఇట్లాంటి మాటలు. అబ్బా తిరిగి వచ్చారు, మాతో కొన్నేళ్ళు వున్నారు, 2003లో కాలం చేశారు. ఇక ఆయన గొంతు అంటే ఆ నాలుగు నిమిషాలే.

తరువాతి సంగతి మీ అందరికీ తెలిసినదే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన తరువాత అంత నీరు మనం చూడలేదు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. మా ఇంట్లో అటక మీద పెట్టిన రేకు పెట్టె కూడా మునిగింది. నీరు తీశాక పెట్టె తెరిస్తే నా సర్టిఫికెట్ల మీద ఇంకు కరిగి నీలిమరక అయింది. నిఖానామా ముద్దయింది. కేసెట్ నిండా ఒండ్రు మట్టి. నేను ఆశ వదులుకున్నాను. అయినా అమ్మీ మొఖం చూసి, మరలు విప్పి, రిబ్బన్ మంచి నీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టి, వేరే కేసెట్ డబ్బాలో చుట్టి పెట్టాను. అబ్బా మాట్లాడారు. కొంచెం బొంగురుగా వచ్చింది గాని, ప్రతి మాటా వచ్చింది.

ఇంకు కరిగింది, అయస్కాంతం కరగలేదు. గోదావరి చెరపలేనిదాన్ని పన్నెండేళ్ళ పిల్లవాడి వేలు ఎట్లా చెరిపింది? ఈ ఒక్క ప్రశ్నే ఈనాటి నా ప్రసంగం.

అయస్కాంతాన్ని మనం ఉర్దూలో మిక్నాతీస్ అంటాం. తెలుగులో అయస్కాంతం - అయస్ అంటే ఇనుము, ఇనుముకు ప్రియమైనది అని అర్థం. ఇనుము మన ప్రాంతానికి కొత్త కాదు. 2016 దాకా మన జిల్లాలోనే వున్న బయ్యారంలో ఇనుప రాయి వుంది. పాల్వంచలో 1980లోనే స్పాంజ్ ఐరన్ కర్మాగారం పని మొదలుపెట్టింది. అంత దూరం కూడా పోనక్కర లేదు. ఒక అయస్కాంతం ముక్కను కాగితంలో చుట్టి గోదావరి ఇసుకలో తిప్పండి. నల్లని రేణువులు ముళ్ళలాగా లేచి అంటుకుంటాయి. మా బడి పిల్లలకు ఇదే మొదటి ప్రయోగం. కేసెట్ రిబ్బన్ కూడా ఇట్లాంటిదే. ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప తుప్పు జాతికి చెందిన మెత్తని పొడిని జిగురుతో పూస్తారు. ఆ గోధుమరంగు అదే.

ఇనుములో ప్రతి పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతం. పక్కపక్కన వున్నవి ఒకే దిక్కుకు మొగం పెట్టి నిలబడటానికి ఇష్టపడతాయి, బడిలో ప్రార్థన వేళ వరుసల మాదిరి. అయితే మొత్తం ఇనుప ముక్క ఒకే దిక్కుకు తిరగదు. కొన్ని కోట్ల పరమాణువులు కలిసి ఒక మొహల్లా అవుతాయి. ఒక మొహల్లా వాళ్ళు తూర్పుకు చూస్తే, పక్క మొహల్లా వాళ్ళు పడమరకు చూస్తారు. రెంటికీ నడుమ సన్నని గోడ. ఈ మొహల్లాల సంగతి 1907లో పియర్ వైస్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఊహించి చెప్పాడు. శాస్త్రజ్ఞులు డొమైన్లు అంటారు. మనం మొహల్లాలు అనే అనుకుందాం.

మనిషి మాట్లాడితే మైకులో కరెంటు హెచ్చుతగ్గులు అవుతుంది. ఆ కరెంటు టేపు రికార్డరు హెడ్‌లోని తీగచుట్టలో పారి దాన్ని అయస్కాంతం చేస్తుంది. కింద రిబ్బన్ పోతూ వుంటే పొడిలోని రేణువులు కొన్ని ఇటు, కొన్ని అటు తిరిగి నిలిచిపోతాయి. మాట ఆగినా రేణువుల మొగాలు మళ్ళీ తిరగవు. నీటికి రేణువును తిప్పే శక్తి లేదు. అందుకే గోదావరి ఓడిపోయింది. కాని రికార్డు బటన్ నొక్కితే రిబ్బన్ ముందు చెరిపే హెడ్ దగ్గరికి పోతుంది. అది అయస్కాంత బలంతో పాత వ్రాత మొత్తం తుడిచేస్తుంది. ఆ తరువాత వ్రాసే హెడ్ కొత్త వ్రాత వ్రాస్తుంది. అయస్కాంతం వ్రాసినదాన్ని అయస్కాంతమే చెరుపుతుంది. ఇక మితిమీరిన వేడి. ఇనుమును 770 డిగ్రీలు దాటించి కాలిస్తే వరుసలన్నీ చెదిరిపోతాయి.

ఇందులో ఒక నీతి వుంది. దీన్ని ఖాలాజాన్ నాకంటే ముందే పట్టి వుంటారు. సులభంగా వ్రాయగలిగితే సులభంగా చెరిగిపోతుంది. చెరగకుండా గట్టిగా చేస్తే వ్రాయడమే కష్టం. వ్రాయడానికి మెత్తగా, దాచడానికి గట్టిగా వుండే వస్తువు కావాలె. డెబ్బయ్యేళ్ళుగా ఈ రంగంలో జరుగుతున్న శ్రమలో పెద్ద భాగం దీనికోసమే.

1956లో ఐ.బి.ఎం. కంపెనీ మొదటి హార్డ్ డిస్క్ తయారు చేసింది. రెండడుగుల వెడల్పు గల పళ్ళేలు 50, ఒకదాని మీద ఒకటి గిర్రున తిరుగుతూ వుండేవి. బరువు ఒక టన్ను దాకా. అంతా కలిపి దాచగలిగినది 50 లక్షల అక్షరాలు. ఈనాడు ఫోనులో తీసిన ఒక్క ఫోటోకు అంత చోటు కావాలె. 2024 నాటికి అరచేతిలో పట్టే డిస్క్‌లో 30 లక్షల కోట్ల అక్షరాలు దాచగలుగుతున్నారు. మీ ఫోనులో, పెన్ డ్రైవ్‌లో వున్నది అయస్కాంతం కాదు. అక్కడ విద్యుత్తును చిన్న చిన్న అరల్లో బంధిస్తారు. కాని మీరు ఇంటర్నెట్‌లో దాచిన ఫోటోలు, బ్యాంకు లెక్కలు, ఆస్పత్రి కాగితాలు ఎక్కడో పెద్ద పెద్ద హాళ్ళలో తిరుగుతున్న డిస్కుల మీదనే ఎక్కువగా వున్నాయి. అంటే లోకం జ్ఞాపకం చాలావరకు ఇంకా అయస్కాంతం మీదనే నిలబడి వుంది.

ఆ డిస్క్ మీద కోబాల్టు, క్రోమియం, ప్లాటినం కలిసిన పలుచని పొర వుంటుంది. పొరలో రేణువులు ఒక్కొక్కటి ఎనిమిది పది నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒకటి. మొగం పైకి వుంటే 1, కిందికి వుంటే 0. ఈ ఒకట్లు, సున్నాలతోనే అక్షరం, పాట, బొమ్మ అన్నీ.

ఇక రేణువును ఇంకా చిన్నది చేస్తే ఏమవుతుంది? మే నెల మధ్యాహ్నం కొత్తగూడెంలో తరగతి గది గుర్తు చేసుకోండి. ఉక్కపోతకు పిల్లలు ఒక్కచోట నిలవరు. పెద్ద జట్టు అయితే ఒకరినొకరు చూసుకుని ఆగుతారు. ఇద్దరు ముగ్గురే వుంటే ఎటు పడితే అటు తిరుగుతారు. రేణువు మరీ చిన్నదైతే గది వేడికే దాని మొగం తిరిగిపోతుంది. వ్రాసినది దానంతట అదే చెరిగిపోతుంది. సరే, రేణువును గట్టిదిగా చేద్దామంటే హెడ్ బలం చాలదు. ఈ చిక్కుకు ఒక కంపెనీ చేసిన ఉపాయం, వ్రాసే చోటును లేజరుతో ఒక్క క్షణం వేడి చేయడం. వేడిలో మెత్తబడుతుంది, వ్రాస్తారు, చల్లారి గట్టిపడుతుంది. కమ్మరి పని గదా ఇది! నేను చెప్పిన 30 లక్షల కోట్ల డిస్క్ ఆ కమ్మరి పనే.

అయినా డిస్క్‌కు ఇంకొక బాధ వుంది. అది తిరగాలి. తిరగడానికి కరెంటు కావాలె, కదిలేది అరుగుతుంది. డిస్క్‌ను తిప్పకుండా, డిస్క్ మీది వ్రాతనే నడిపిస్తే? ఈ ఆలోచన కొత్తది కాదు. 1967లో అమెరికాలో బెల్ ప్రయోగశాలలోని ఆండ్రూ బోబెక్, ఆయన తోటివారు పలుచని స్ఫటికంలో గుండ్రని ఉల్టా మొహల్లాలు చేసి, వాటిని నడిపించవచ్చునని చూపించారు. చుట్టూ అందరి మొగం పైకి, ఆ గుండ్రని చోట మాత్రం కిందికి. సూక్ష్మదర్శినిలో నీటి బుడగల్లాగా కనపడతాయి గనుక బుడగ జ్ఞాపకం అన్నారు. 1979లో ఇంటెల్ కంపెనీ పది లక్షల బుడగలు పట్టే చిప్ అమ్మకానికి పెట్టింది. కాని ఈలోగా హార్డ్ డిస్కులు చవక అయినాయి, విద్యుత్తు చిప్పులు వేగం పెంచుకున్నాయి. 1980లు గడిచేసరికి బుడగ పగిలింది. ఆలోచన మంచిదే, బజారులో నిలవలేదు.

మళ్ళీ ఆ దారి తెరిచినవాడు స్టువర్ట్ పార్కిన్. అంతకు ముందు 1988లో ఫ్రాన్సులో ఆల్బర్ట్ ఫెర్ట్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బర్గ్ వేరు వేరుగా ఒక సంగతి కనుగొన్నారు. అయస్కాంత పొరల మధ్య అయస్కాంతం కాని పొరను పెట్టి కరెంటు పంపితే, రెండు పొరల మొగాలు ఒకే దిక్కుకు వున్నప్పుడు కరెంటు బాగా పారుతుంది, ఎదురెదురుగా వుంటే తగ్గుతుంది. డిస్క్ మీది అతి చిన్న వ్రాతను చదవడానికి ఇది ఎంతో పనికి వచ్చింది. వారిద్దరికీ 2007లో నోబెల్ బహుమతి ఇచ్చారు. దాన్ని డిస్కుల్లోకి తేవడంలో పాటుపడిన పార్కిన్ 2008లో ఇంకొక ఉపాయం ప్రకటించాడు. సన్నని అయస్కాంతపు తీగలో వరుసగా మొహల్లాలు ఏర్పరచి, కరెంటుతో ఆ మొహల్లాల గోడలన్నిటినీ గూడ్సు బండి డబ్బాల్లాగా ముందుకు నెట్టడం. తీగ కదలదు, పరమాణువులు కదలవు, వ్రాత మాత్రమే కదులుతుంది.

ఇక్కడికి వచ్చేసరికి ముడి సంగతి వస్తుంది. గోడకంటే గట్టిగా, బుడగకంటే చిన్నదిగా వుండే రూపం ఏదైనా వుందా?

ఒక్కసారి మన బడి మైదానం మనసులో పెట్టుకోండి. అంచున పిల్లలందరూ నిటారుగా నిలబడ్డారు. సరిగ్గా మధ్యలో ఒకడు తలకిందులుగా నిలబడ్డాడు. మధ్య నుంచి అంచుకు వచ్చేకొద్దీ ప్రతి పిల్లవాడూ పక్కవాడికంటే కొంచెం లేచి, కొంచెం లేచి నిటారు అవుతాడు. అందరూ ఒకే వరసన తిరిగారు. ఇప్పుడు ఒకడి చెయ్యి పట్టి సరిచేస్తే లాభం లేదు, పక్కవాళ్ళు మళ్ళీ వంచుతారు. సుడి మొత్తాన్ని బద్దలు కొట్టాలి, లేదా అంచు దాకా తోసి బయటికి నెట్టాలి. దీన్నే స్కిర్మియాన్ అంటారు. 1960ల మొదట్లో టోనీ స్కిర్మ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు పరమాణు కేంద్రకం గూర్చి లెక్కలు వేస్తూ ఇట్లాంటి రూపాన్ని ఊహించాడు గనుక ఆ పేరు. అయస్కాంతాల్లో కూడా ఇది వుండగలదని 1989లో బొగ్దనోవ్, యబ్లోన్‌స్కీ అనే ఇద్దరు లెక్కకట్టి చెప్పారు.

నాకు దీన్ని చదివినప్పుడు తోచిన మాట ఒక్కటే - గిరహ్. పుట్టినరోజును మనం సాల్‌గిరహ్ అంటాం గదా. సాల్ అంటే సంవత్సరం, గిరహ్ అంటే ముడి. పూర్వం పిల్లవాడి పేరున ఒక దారం దాచి, ఏటేటా ఒక ముడి వేసేవారు. ముడులు లెక్కపెడితే వయసు తెలిసేది. అక్షరం రాని ఇంట్లో కూడా లెక్క తప్పేది కాదు. దారం తడిసినా ముడి కరగదు. ఇప్పుడు ఈ విద్య కూడా అదే. పొరలో ముడి వున్న చోటు 1, ముడి లేని చోటు 0.

ముడి పడాలంటే పొరలో మెలిక తిరిగే గుణం వుండాలి. అది ఎక్కడినుంచి వస్తుంది? మన అడవిలో తునికాకు చూసిన వాళ్ళకు చెప్పడం సులభం. ఆకు ఎండితే చుట్టుకుంటుంది. పై ముఖం, కింది ముఖం ఒక తీరుగా లేవు గనుక. రెండు ముఖాలూ ఒకటే అయితే ఎటు చుట్టుకోవాలో దానికి తెలియదు. అదే మాదిరి, కోబాల్టు పొరకు కింద ఒక లోహం, పైన వేరొక లోహం పెడితే - ప్లాటినం ఒక వైపు, ఇరిడియం ఇంకొక వైపు - పక్కపక్క పరమాణువులు కొంచెం మెలిక పడి నిలబడటానికి ఇష్టపడతాయి. ఈ మెలికకు మూలమైన సూత్రాన్ని 1958లో ద్జ్యాలోషిన్‌స్కీ అనే రష్యన్, 1960లో మోరియా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు చెప్పారు. పై కింద, కుడి ఎడమల సమానత్వాన్ని, అంటే సౌష్ఠవాన్ని బట్టి వస్తువుల గుణాలు తెలుసుకొనే శాస్త్రంలో మన తెలుగువారికి కూడా వాటా వుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన సూరి భగవంతం గారు స్ఫటికాల సౌష్ఠవం మీద 1966లో గొప్ప గ్రంథం ప్రకటించారు.

ముడి మొదట కనపడింది 2009లో, జర్మనీలో, మాంగనీసు-సిలికాన్ స్ఫటికంలో. అప్పుడు చలి సున్నాకు దిగువన 240 డిగ్రీలు దాటి వుండాలి. మరుసటి ఏడు జపాన్ వారు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వరుస వరుసలుగా ముడులను ఫోటో తీశారు. 2013లో హాంబర్గు శాస్త్రజ్ఞులు సూదిమొన లాంటి పరికరంతో పలుచని పొర మీద ఒక్కొక్క ముడినీ కావాలన్నప్పుడు వేశారు, వద్దన్నప్పుడు విప్పారు. అదీ గడ్డకట్టే చలిలోనే. 2016లో ఫ్రాన్సులోను, ఇతర దేశాల్లోను మామూలు గది వేడిలోనే ముడులు నిలబెట్టారు. ఫ్రాన్సు వారి పొరల్లో కోబాల్టు మందం 0.6 నానోమీటరు. అంటే మూడు పరమాణువులు ఒకదాని మీద ఒకటి నిలబడినంత! గాలి తీసేసిన ఉక్కు గదిలో లోహపు దిమ్మను ఆర్గాన్ వాయువు కణాలతో కొట్టి, రాలిన పరమాణువులను మంచు కురిసినట్లు పలక మీద కురిపిస్తే ఇట్లాంటి పొర తయారవుతుంది.

ఇది పరాయి దేశాల ముచ్చట మాత్రమే కాదు. 2008లో స్థాపించిన హైదరాబాదు ఐ.ఐ.టి. సంగారెడ్డి జిల్లా కందిలో వుంది. అక్కడ మురపాక చంద్రశేఖర్ గారు, వారి విద్యార్థులు అయస్కాంతపు పలుచని పొరల మీద పనిచేస్తున్నారు. అంతకు ముందు ఆయన సింగపూరులో వున్న కాలపు పరిశోధన ఒకటి 2016లో అచ్చయింది. సన్నని అయస్కాంతపు తీగల జాలంలో మొహల్లా గోడ ఏ దారిన పోవాలో అదుపు చేసి, దానితోనే కంప్యూటరు చేసే తర్కం చేయించవచ్చునని అందులో చూపించారు. డోర్నకల్ జంక్షనులో పాయింటు మారిస్తే బండి ఖమ్మం వైపు పోతుంది, ఇంకొక తీరుగా మారిస్తే మన కొత్తగూడెం వైపు వస్తుంది. అట్లాంటి పాయింటు నానోమీటర్ల తీగలో వేయడం! అంటే జ్ఞాపకం పెట్టుకొనే చోటనే ఆలోచన కూడా జరుగుతుందన్న మాట.

ఇంతవరకు మంచిమాటలు చెప్పాను. చిక్కులు కూడా చెప్పకపోతే ఉపాధ్యాయుడిగా నా ధర్మం కాదు.

మొదటిది: ముడి తిన్నగా నడవదు. భద్రాచలం దగ్గర వంతెన లేని రోజుల్లో పడవ దాటిన పెద్దలకు ఇది తెలుసు. ఎదురు రేవుకు గురిపెట్టి తోస్తే పడవ కిందికి కొట్టుకుపోయి ఎక్కడో ఆగుతుంది. కరెంటుతో నెట్టిన ముడి కూడా పక్కకు జారి తీగ అంచుకు తగిలి మాయమవుతుంది. ఇది ప్రయోగాల్లో రుజువై 2017లో అచ్చయింది. దీనికి మందు కూడా కనిపెట్టారు. ఒకదాని మీద ఒకటి రెండు పొరలు, ఎదురెదురు మొగాలతో. పై పొర ముడి ఎడమకు లాగితే కింది పొర ముడి కుడికి లాగుతుంది. రెండూ కట్టివేసినట్లు వుంటాయి గనుక తిన్నగా పోతాయి. 2024లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిలో సెకనుకు 900 మీటర్ల వేగం దాకా సాధించారు. గంటకు లెక్క కడితే 3,200 కిలోమీటర్ల పైమాటే.

రెండోది: పొరలో ఎక్కడ చిన్న లోపం వున్నా ముడి అక్కడ చిక్కుకుంటుంది, ముళ్ళకంపకు దుపట్టా చిక్కినట్లు. మూడోది: ముడి చిన్నదయ్యే కొద్దీ వేడికి విడిపోయే భయం పెరుగుతుంది. పుస్తకం లెక్క ప్రకారం ఈ ముడి విడిపోవడమే అసాధ్యం. కాని పుస్తకంలో పొర నునుపైన గుడ్డ, నిజంలో అది వేరు వేరు పరమాణువుల జల్లెడ. అందుకని గట్టి ముడే గాని శాశ్వతం కాదు. నాలుగోది: ముడి వున్నదా లేదా అని త్వరగా, తప్పు లేకుండా, తక్కువ కరెంటుతో చదవాలి. ఈ నాలుగూ కుదరలేదు గనుకనే ఇంతవరకు ముడుల డిస్క్ ఏ దుకాణంలోనూ లేదు. బుడగకు పట్టిన గతే దీనికీ పట్టవచ్చు. లేదా మన పిల్లల కాలానికి ప్రతి జేబులో వుండవచ్చు. రెండూ జరగడానికి వీలున్నవే.

మరి మనకేమిటి? రెండు మాటలు చెప్పి సెలవు తీసుకుంటాను.

మొదటి మాట పెద్దలకు. వస్తువు ఎంత గట్టిదైనా జ్ఞాపకం ఒక్కచోట వుంటే అది లేనట్లే. కాగితం నీటికి పోతుంది, కేసెట్ పిల్లవాడి చేతిలో పోతుంది, ఫోను జేబులోంచి పోతుంది. 2022 వరద తరువాత సర్టిఫికెట్లు, పట్టాలు, నిఖానామాలు మళ్ళీ తెచ్చుకోవడానికి మన వాళ్ళు ఎన్ని ఆఫీసులు తిరిగారో మీకు తెలుసు. కనుక ప్రతి ముఖ్యమైన కాగితం ఫోటో తీసి రెండు చోట్ల పెట్టండి, అందులో ఒకటి గట్టు మీద వుండే బంధువుల ఇంట్లో. పాత కేసెట్లు ఎవరి దగ్గరైనా వుంటే పారేయకండి. ఆ పొడి కాలక్రమాన రాలిపోతుంది. ఆదివారం మా ఇంటికి తెండి. నా దగ్గర నడిచే టేపు రికార్డరు ఒకటి వుంది, ఫోనులోకి ఎక్కించి ఇస్తాను. డబ్బు అక్కర లేదు. చాయ్ మాత్రం మా ఇంట్లోనే తాగాలె.

రెండో మాట పిల్లల గురించి. "ఉర్దూ మీడియం పిల్లలకు ఇంత పెద్ద సైన్సు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. 1919లో తరగతులు మొదలుపెట్టిన ఉస్మానియాలో సైన్సు కూడా ఉర్దూలోనే చెప్పారు, పుస్తకాలు అనువదించడానికి ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టారు. భాష అడ్డం కాదు. మిక్నాతీస్ అన్నా, అయస్కాంతం అన్నా ఇసుకలోని నల్ల రేణువు లేచి నిలబడుతుంది. అడ్డం వచ్చేది పదో తరగతి కాగానే చదువు మాన్పించడం. అబ్బాయిని మెకానిక్ షెడ్డుకు, అమ్మాయిని పెళ్ళి పీటల మీదికి పంపడం. నేను చెప్పిన నాలుగు చిక్కులకు ఇంకా పూర్తి జవాబు దొరకలేదు. జవాబు దొరకని ప్రశ్నకు ఏ బడి పిల్ల అయినా పోటీ పడవచ్చు. దయచేసి ఆ పిల్లను ఇంటరు దాకా, ఆపైన డిగ్రీ దాకా చదవనివ్వండి. ఫీజు కట్టలేని వాళ్ళకు మన సంఘం వుంది. వుండేది అందుకే.

ఆఖరుగా ఒక మాట. అబ్బా నాలుగు నిమిషాలను నేను ఫోనులోకి ఎక్కించి వినిపించినప్పుడు అమ్మీ అడిగింది: "బేటా, ఇందులో చెరిగిపోదు గదా?" మూడు చోట్ల పెట్టానని చెప్పాను. ఆమె లేచి పోయి తన సంచీలోంచి ఒక దారం తీసి చూపింది. నా పాదం కొలిచి ముడి వేసిన దారం. అబ్బా దాన్ని జేబులో పెట్టుకుని తిరిగి, చెప్పులు కొని, చెప్పులతోపాటే వెనక్కు తెచ్చారట. ముప్పై ఏళ్ళు దాటింది. ముడి అట్లానే వుంది.